తరగతి గదిలో డాన్స్: బ్రెయిన్‌డాన్స్, వీడియోలు, ఆసనాల కార్డులు, ఏవి ఎంతవరకు పనికొస్తాయి

ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలతో పాఠాల మధ్య డాన్స్ చేయించడానికి, ఒంటి మీద ధ్యాస పెట్టి కదలడం నేర్పడానికి ఇప్పుడు బోలెడంత సరంజామా దొరుకుతోంది. స్క్రీన్ మీద చూపే వీడియోలు, ఆసనాల కార్డుల పెట్టెలు, బ్రెయిన్‌డాన్స్ లాంటి సిద్ధంగా ఉన్న వరసలు, రంగు స్కార్ఫులు, బయటి నుంచి వచ్చి నేర్పే డాన్స్ టీచర్లు. వీటి గురించి ఎక్కువమంది అడిగే ప్రశ్న "పిల్లలకు నచ్చుతుందా?" అని. నచ్చుతుంది, అందులో అనుమానం అక్కర్లేదు. బెంచీ మీంచి లేవమంటే చాలు, పిల్లలకు ఏదైనా నచ్చుతుంది. టీచరు అడగాల్సింది వేరు. అది ఎలా ముగుస్తుంది? గంతులయ్యాక ముప్పైమంది మళ్ళీ కూర్చుని లెక్కల పుస్తకం తెరవడానికి అర నిమిషం పడుతుందా, ఐదు నిమిషాలా? ఐదు నిమిషాలైతే ఆ సాధనం ఎంత బాగున్నా రెండో వారానికే బీరువాలోకి పోతుంది. అందుకే ప్రతిదాన్నీ ముందు ఆ కొలతతోనే చూశాం. పిల్లవాడు తనంతట తాను ఏమైనా ఆలోచించి కదులుతున్నాడా, లేక చూసింది చూసినట్టు చేస్తున్నాడా అన్నది రెండో కొలత.

ఈ రెండింటిలోనూ ముందు నిలిచేది బ్రెయిన్‌డాన్స్. సియాటిల్‌లో పిల్లలకు సృజనాత్మక నాట్యం నేర్పుతూ వచ్చిన ఆన్ గ్రీన్ గిల్బర్ట్ 2000లో దీన్ని రూపొందించారు. పసిపాప మొదటి ఏడాదిలో చేసే కదలికలను, కదలికలను అధ్యయనం చేసిన నాట్యకారిణి, ఫిజియోథెరపిస్టు ఇర్మ్‌గార్డ్ బార్టెనీఫ్ చేసిన పనిని ఆధారం చేసుకుని కూర్చిన ఎనిమిది కదలికల వరస ఇది. దీనికి కొనాల్సిన వస్తువేదీ లేదు. బల్లలు జరపనక్కర్లేదు, కుర్చీలో కూర్చునే మొత్తం చేయించవచ్చు. ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు పడుతుంది. కాగితం మీద చూస్తే మామూలు కసరత్తులాగే కనిపిస్తుంది కాబట్టి, ఒక్కో కదలికా తరగతిలో ఎలా నడుస్తుందో, ఎక్కడ బెడిసికొడుతుందో కాస్త వివరంగా చెప్పాలి.

మొదటిది శ్వాస. ముక్కుతో పీల్చి నోటితో నెమ్మదిగా వదలడం, నాలుగైదు సార్లు. ఊపిరి బిగబట్టమని మాత్రం చెప్పకూడదు. ఆరేడేళ్ళ పిల్లలు దాన్ని పందెం చేసుకుని ముఖం ఎర్రబడేదాకా బిగబడతారు. గాలి పీల్చినప్పుడు భుజాలు చెవుల దాకా లేస్తుంటే అది లోతైన శ్వాస కాదు. చెయ్యి పొట్ట మీద పెట్టుకోమంటే చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది.

తర్వాత స్పర్శ. ఎవరి ఒంటిని వాళ్ళే భుజం నుంచి వేళ్ళ దాకా నొక్కుతూ రావాలి, తర్వాత వేళ్ళతో తట్టాలి, చివరికి అరచేత్తో తుడవాలి. పక్కవాళ్ళ మీద చెయ్యి వేయకూడదన్న నియమం మొదటిరోజే పెట్టాలి, తర్వాత పెడితే చెవికెక్కదు. కొందరు పిల్లలకు గట్టిగా నొక్కితే హాయిగా ఉంటుంది, మెత్తగా రాస్తే చిరాకు పుడుతుంది. కొందరికి సరిగ్గా ఇందుకు తలకిందులు. ఎంత గట్టిగా అన్నది పిల్లలకే వదిలేయడం మంచిది.

మూడోది ముడుచుకుని విచ్చుకోవడం. కుర్చీలో మోకాళ్ళ మీదికి వంగి చిన్నగా అయిపోయి, అక్కణ్ణుంచి వేళ్ళ కొసల దాకా సాగాలి. ముడుచుకోవడానికి 8 లెక్కలు, విచ్చుకోవడానికి 8 లెక్కలు. పిల్లలు మూడో లెక్కకే మొత్తం విప్పేసి మిగతా ఐదు లెక్కలూ దిక్కులు చూస్తారు. "ఎనిమిదో లెక్కకి ముందు చిటికెన వేలు తెరుచుకోకూడదు" అని ఒక్క మాట అంటే గది మొత్తం నెమ్మదిస్తుంది. నాలుగోది వెన్ను. గుండ్రంగా వంచి, తర్వాత ఛాతీ ముందుకు తెచ్చి నిటారుగా చేయడం. తల వెనక్కి వేలాడేయనివ్వకూడదు, చూపు ఎదుటి గోడ పైభాగాన్ని తాకితే చాలు. ఐదోది పై సగం, కింది సగం. పాదాలు నేలకు అతికినట్టు ఉంచి చేతులు మాత్రమే కదపడం, తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని కాళ్ళతో మాత్రమే కవాతు. ఇక్కడ సంగీతం వాడితే నిమిషానికి 100 నుంచి 110 దెబ్బల వేగం సరిపోతుంది. అంతకు మించితే కాళ్ళు తాళం వదిలేసి పరుగందుకుంటాయి.

ఆరోది కుడి, ఎడమ. ఒక సగం రాయిలా ఉండాలి, రెండో సగం మాత్రమే ఆడాలి, తర్వాత మార్చుకోవాలి. ఇక్కడ తప్పు జరిగేది పిల్లల దగ్గర కాదు, టీచరు దగ్గర. ఎదురుగా నిలబడి "కుడి చెయ్యి" అంటూ తన కుడిచెయ్యి ఎత్తితే సగం తరగతి మాట విని కుడిచెయ్యి, మిగతా సగం టీచరును అద్దంలో బొమ్మలా చూసి ఎడమచెయ్యి ఎత్తుతుంది. ఎదురుగా ఉన్నంతసేపూ "కుడి" అని పలుకుతూ తన ఎడమ కదపాలి. అది అలవాటయ్యేదాకా పిల్లలకు వీపు చూపించి చేయడమే మేలు.

ఏడోది అడ్డంగా దాటడం, అంటే కుడి చెయ్యి ఎడమ మోకాలికి, ఎడమ చెయ్యి కుడి మోకాలికి. ఒకటో తరగతిలో దీని దగ్గరే టీచరుకు తల ప్రాణం తోకకొస్తుంది. చెయ్యి బయల్దేరుతుంది, మధ్యగీత దాకా వస్తుంది, అక్కడ తటపటాయించి తన వైపు మోకాలి మీదే వాలిపోతుంది. ఆ వయసులో అది మామూలే. "తప్పు" అని పదిసార్లు దిద్దితే పిల్లవాడు చెయ్యడమే మానేస్తాడు. ఒక మణికట్టుకు ఎర్ర రబ్బరు బ్యాండు, ఎదుటి మోకాలికి ఎర్ర స్టిక్కరు పెట్టి "ఎరుపు ఎరుపును తాకాలి" అంటే సరి. వేగం సగానికి తగ్గించాలి. తాకిన చోట ఒక లెక్క ఆగాలి. చెయ్యి తేలిగ్గా దాటడం మొదలయ్యాకే సంగీతం పెట్టాలి.

చివరిది తూగడం, తిరగడం. ఖాళీ చోటు ఉంటే నిలబడి ఒక వైపు 10 నుంచి 15 సెకన్లు తిరిగి, ఆగి, ఊపిరి పీల్చి, రెండో వైపు అంతే సేపు. బెంచీల మధ్య తిప్పడం ప్రమాదం. అక్కడ కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగితే చాలు. మూర్ఛ ఉన్నవాళ్ళకు, చెవి ఇబ్బంది ఉన్నవాళ్ళకు, బస్సెక్కితే వాంతులయ్యేవాళ్ళకు ఊగడమే ఇవ్వాలి. భోజనం అయిన వెంటనే ఎవరికీ తిరగడం వద్దు. తిరిగాక మళ్ళీ శ్వాసకే రావాలి.

బ్రెయిన్‌డాన్స్‌ను మొదటి స్థానంలో పెట్టడానికి కారణం ఈ చివరి శ్వాసే. గుండె వేగం పెంచిన తర్వాత దించే మెట్లు ఆ వరసలోనే ఉన్నాయి. టీచరు వేరుగా "నిశ్శబ్దం!" అని అరవాల్సిన పని పడదు. టైము మూడు నిమిషాలే ఉంటే శ్వాస, స్పర్శ, అడ్డంగా దాటడం, మళ్ళీ శ్వాస చేయించండి. ఏది తీసేసినా చివరి శ్వాసను తీసేయకండి.

లోపాలు లేవని కాదు. రోజూ అదే వరస అయితే మూడు, నాలుగు వారాలకు పిల్లలు యాంత్రికంగా చేసుకుపోతారు. వరస మార్చకుండా గుణం మార్చాలి. ఇవాళ బరువుగా, రేపు తేలిగ్గా, ఎల్లుండి నేలకు దగ్గరగా, ఆ తర్వాత వీలైనంత చిన్నగా. నాట్య సిద్ధాంతకర్త రుడాల్ఫ్ లాబన్ కదలికను చూసిన పద్ధతి ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. ఏ భాగం కదులుతోంది, ఎటు వెళ్తోంది, ఎంత బలంతో, ఎంత వేగంతో అన్న ప్రశ్నల్లో ఒక్కటి మార్చినా పాత కదలిక కొత్తదవుతుంది. రెండో లోపం ప్రచారంలో ఉంది. ఇలాంటి వరసలు మెదడును, నాడీ వ్యవస్థను తిరిగి సర్దేస్తాయని, కుడి ఎడమ మెదళ్ళను కలుపుతాయని చాలామంది గొప్పగా చెబుతారు. ఆ మాటలకు గట్టి ఆధారాలు లేవు. పిల్లలు కదులుతారు, తమ ఒంటిని గమనిస్తారు, ఒక సంకేతానికి ఆగడం నేర్చుకుంటారు. వాడడానికి ఈ కారణాలు చాలు.

ఇక వీడియోలు. గోనూడుల్ లాంటివి రెండు నుంచి ఐదు నిమిషాల పాటలు, ఆటలు ఇస్తాయి. టీచరుకు డాన్స్ ఒక్క అడుగు రాకపోయినా బండి నడుస్తుంది. వాన పడి ఆటస్థలానికి పోలేని రోజున, పరీక్ష రాసి అలసిన పిల్లల ముందు ఇవి వరమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ళ వాళ్ళకు రోజుకు సగటున 60 నిమిషాల మధ్యస్థం నుంచి తీవ్రమైన శారీరక శ్రమ కావాలి. ఆ ఖాతాలో నాలుగు నిమిషాల గంతులు కూడా కొంత జమే.

కానీ ముగింపు దగ్గర ఇవి నీరుగారిపోతాయి. పాట ఊపు పతాకస్థాయిలో ఉండగా ఆగిపోతుంది, గదిలో పిల్లల ఊపు ఆగదు. దానికి తోడు ఆటోప్లే తన పని తాను చేసుకుపోతూ ఇంకో వీడియో మొదలెడుతుంది, "ఇంకొక్కటి టీచర్!" అని గోల. ఆటోప్లే ముందే ఆపేసి ఉంచాలి. హుషారు వీడియో వెంటనే శాంతపరిచేది ఒకటి జతచేయాలి. అలాంటివి ఇదే సేవలో దొరుకుతాయి కూడా. అదీ కాకపోతే స్క్రీన్ ఆపేసి మూడు శ్వాసలు చేయించాలి. యూట్యూబ్‌లో నేరుగా వేస్తే ప్రకటనలు రావచ్చు కాబట్టి వీడియోను ముందుగా మొత్తం ఒకసారి చూడకుండా పిల్లల ముందు పెట్టకండి.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. వీడియో ఆడుతున్నప్పుడు స్క్రీన్ వైపు కాక పిల్లల వైపు చూడండి. మెడలన్నీ ఒకే కోణంలో పైకెత్తి ఉంటాయి, చేతులు అర లెక్క ఆలస్యంగా కదులుతుంటాయి, ఎవరి చూపూ తన ఒంటి మీద ఉండదు. కెమెరా పక్కకు తిరిగిన ప్రతిసారీ కుడి ఎడమలు తారుమారు. ఇది సరదా, వ్యాయామం. ధ్యాస పెట్టి కదలడం మాత్రం కాదు. ఆ పేరు పెట్టి వాడితే దేనికీ న్యాయం జరగదు. అదే వీడియోను మూడోసారి స్క్రీన్ ఆపేసి శబ్దం మాత్రం వినిపిస్తూ వేస్తే తేడా వెంటనే తెలుస్తుంది. అప్పుడు పిల్లలు గుర్తుచేసుకుంటారు, మర్చిపోయిన చోట సొంతంగా ఏదో కల్పిస్తారు. వీడియోల నుంచి రాబట్టగలిగిన ఉత్తమ ఫలితం మాకు అక్కడే కనిపించింది.

కాస్మిక్ కిడ్స్ యోగా తీరు వేరు. కథ చెబుతూ, కథలో వచ్చే జంతువుకో చెట్టుకో తగ్గ ఆసనం వేయిస్తారు. కథ లాక్కెళ్తుంది కాబట్టి చిన్న తరగతుల వాళ్ళు బుద్ధిగా చేస్తారు. అయితే వీటిలో చాలావాటి నిడివి పావుగంట దాటుతుంది, నేల మీద పడుకునే ఆసనాలుంటాయి. రెండు పాఠాల మధ్య విరామానికి ఇది సరిపోదు, వ్యాయామం పీరియడుకు సరిపోతుంది. నాలుగు, ఐదు తరగతుల వాళ్ళు ఇది చిన్నపిల్లల కథ అని పెదవి విరుస్తారు, బలవంతపెట్టడం దండగ.

ఆసనాల కార్డుల పెట్టెలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. తరగతికి కొనేముందు రెండు విషయాలు చూడండి. ఒకటి సైజు. అరచేతిలో పట్టే కార్డు ముప్పైమంది ఉన్న గదిలో చివరి బెంచీకి కనిపించదు. ఏ4 కన్నా చిన్నదైతే అది నలుగురైదుగురి గుంపులకే. రెండోది బొమ్మ. చాలా కార్డుల మీద ఆసనం చివరి రూపం మాత్రమే ఉంటుంది, అందులోకి ఎలా వెళ్ళాలో, ఎలా బయటికి రావాలో ఉండదు. దెబ్బలు తగిలేది ఆ దారిలోనే. శీర్షాసనం, సర్వాంగాసనం, వెన్నును బాగా వెనక్కి వంచే ఆసనాలు పెట్టెలో ఉంటే తీసి పక్కన పెట్టండి, మెడ మీద బరువు పడేది ఏదీ తరగతి గదిలో వద్దు. వృక్షాసనం బంగారంలాంటిది. పాదం మోకాలి మీద ఆనకుండా, చీలమండకో పిక్కకో ఆనించాలి. ఒక చెయ్యి గోడకో కుర్చీకో ఉండొచ్చు. మూడు శ్వాసలు చాలు. నేల మీద కదలని ఒక చుక్కను చూడమంటే తూలడం తగ్గుతుంది.

కళ్ళు మూసుకోమని మాత్రం ఎవరినీ ఒత్తిడి చేయకండి. కొందరు పిల్లలకు కళ్ళు మూస్తే భయం, కొందరికి నవ్వు. చూపు దించితే సరిపోతుంది. ధ్యాస సాధన (మైండ్‌ఫుల్‌నెస్) పేరుతో అమ్మే కార్యక్రమాలు పిల్లల మానసిక ఆరోగ్యం గురించి పెద్ద హామీలిస్తుంటాయి. బ్రిటన్‌లో మిరియడ్ అనే పెద్ద పరిశోధన 8,000 మందికి పైగా విద్యార్థుల మీద జరిగి, ఫలితాలు 2022లో వచ్చాయి. మామూలుగా చెప్పే పాఠాలకన్నా ధ్యాస పాఠాలు మెరుగైన ఫలితమిచ్చినట్టు అందులో తేలలేదు. ఆ పిల్లలు ప్రాథమిక తరగతుల కన్నా పెద్దవాళ్ళు, అక్కడ నేర్పింది డాన్స్ కాదు. అయినా పెద్ద హామీలు కనిపించినప్పుడు ఆ ఫలితాన్ని గుర్తుపెట్టుకోవాలి.

సంగీతం ఆగగానే బొమ్మలా నిలిచిపోయే ఆటకు డబ్బు పెట్టక్కర్లేదు, పనికొచ్చే విలువ మాత్రం చాలా ఎక్కువ. 20 నుంచి 40 సెకన్లు ఆడించాలి, 5 నుంచి 10 సెకన్లు ఆపాలి, ఎప్పుడు ఆగుతుందో ముందే తెలిసిపోకుండా నిడివి మారుస్తుండాలి. కదిలినవాళ్ళను అవుట్ చేసి కూర్చోబెట్టే పద్ధతి మానేయండి. ఆగడం రానివాళ్ళే మొదట అవుటవుతారు, సాధన ఎవరికి కావాలో వాళ్ళకే దక్కకుండా పోతుంది. అందరికీ అలవాటయ్యాక నియమాన్ని తిరగేయండి. సంగీతం ఉన్నప్పుడు ఆగాలి, లేనప్పుడు ఆడాలి. పరిశోధకురాలు మేగన్ మెక్లెలండ్ బృందం చిన్నపిల్లల స్వీయ నియంత్రణ కోసం వాడిన ఆటల్లోనూ సూత్రం ఇదే, అలవాటైన సంకేతానికి వ్యతిరేకంగా చేయించడం. నిశ్శబ్దంలో ముప్పైమంది ఆడుతూ, పాట వినపడగానే ఠక్కున ఆగిపోయే తరగతిని చూస్తే ఈ ఆట ఎంత పని చేస్తుందో అర్థమవుతుంది.

పాఠాన్నే డాన్స్ చేయించే కార్యక్రమాలు కూడా వస్తున్నాయి. వీటిని జాగ్రత్తగా ఎంచుకోవాలి, ఎందుకంటే కదలిక తప్పయితే పాఠం తప్పుగా ఒంట్లో దిగిపోతుంది. ఘన, ద్రవ, వాయు స్థితులనే తీసుకోండి. ఘనం అనగానే పిల్లలందర్నీ దగ్గరగా చేర్చి కదలకుండా నిలబెట్టడం చాలాచోట్ల కనిపిస్తుంది. ఘనపదార్థంలోనూ అణువులు ఉన్నచోటే కంపిస్తూ ఉంటాయి కాబట్టి, చోటు మారకుండా ఒళ్ళంతా సన్నగా వణకాలి. ద్రవంలో దగ్గరగానే ఉంటూ ఒకరి పక్కనుంచి ఒకరు జారిపోవాలి. వాయువులో గది అంతా పరుచుకుని దిశ మార్చుకుంటూ వేగంగా నడవాలి. పరుగెత్తనిస్తే తలలు గుద్దుకుంటాయి. లెక్కల్లో పావు, అర, ముప్పావు మలుపులు డాన్స్‌కు అతికినట్టు సరిపోతాయి. నేల మీద మాస్కింగ్ టేపుతో ప్లస్ గుర్తు వేసి, మధ్యలో నిలబడి దూకుతూ తిరిగితే 90 డిగ్రీలు పాదాలకే తెలుస్తుంది. భాషలో క్రియ ఒకరు, క్రియావిశేషణం ఒకరు చెప్పాలి. "నడువు" అన్నదానికి "బరువుగా", "దొంగచాటుగా", "విసురుగా" అని చేరుస్తూ పోతే పిల్లలు కొత్త మాటలు వెతుక్కుంటూ వస్తారు. అక్షరాల ఆకారం ఒంటితో వేయించడం మాత్రం ఒకటో తరగతి దాటాక పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

బయటి నుంచి డాన్స్ టీచరును పిలిచే సేవ తీసుకునే బడులు ఒప్పుకునేముందు మూడు సంగతులు తేల్చుకోవాలి. తరగతి టీచరు గదిలోనే ఉండి తానూ చేయాలి. ఆ పీరియడులో ఆమె కాపీలు దిద్దుకుంటే, వచ్చినవాళ్ళు వెళ్ళాక మిగిలేదేమీ ఉండదు. వార్షికోత్సవం ఐటమ్ తయారీ వేరు, పిల్లలు సొంతంగా కదలిక కూర్చుకోవడం వేరు. మొదటిదే లక్ష్యమైతే మూడో వారం నుంచి ముందు వరసలో బాగా చేసే ఆరుగురే మిగులుతారు. చక్రాల కుర్చీలో ఉన్న పిల్లలకు, నిలబడి చేయలేని వాళ్ళకు ఏం చేయిస్తారో ముందే అడగండి. "వాళ్ళు తాళం వేస్తారు" అన్నదే జవాబైతే వేరేవాళ్ళను చూసుకోండి. ముడుచుకోవడం, విచ్చుకోవడం, సగం ఒళ్ళు కదపడం, దిశ మార్చడం కూర్చునీ పూర్తిగా చేయగలిగినవే.

వస్తువుల విషయానికొస్తే, కొనదగిన మొదటిది సుమారు 25 సెంటీమీటర్ల చేతి డ్రమ్ము. వేగం మీ చేతిలో ఉంటుంది, నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ ఆపవచ్చు, రికార్డు పాటతో అది కుదరదు. రెండోది ఎక్కువసేపు మోగే చిన్న గంట. శబ్దం పూర్తిగా ఆగిపోయిందనిపించినప్పుడు చెయ్యి ఎత్తమంటే, ఆ కొన్ని సెకన్లలో గదికి గది సద్దుమణుగుతుంది. ఆగే సంకేతం ఏదైనా ఒక్కటే ఉండాలి, డాన్స్ మొదలెట్టకముందే దాన్ని నేర్పాలి. స్కార్ఫులు తీసుకుంటే పల్చటి నైలాన్‌వి, 60 నుంచి 70 సెంటీమీటర్ల చదరాలు తీసుకోండి. అవి గాలిలో నెమ్మదిగా దిగుతాయి, కళ్ళు వాటిని వెంటాడుతూ ఒళ్ళు దానంతటదే నెమ్మదిస్తుంది. నూలు రుమాళ్ళు ధబ్బున పడిపోతాయి, పని జరగదు. ఎత్తి వదిలిన స్కార్ఫు నేలను తాకేలోపు కూర్చోవాలి అన్న ఆట ముగింపుకు చక్కగా ఉంటుంది. నేల మీద పడిన గుడ్డ మీద కాలేస్తే జారిపడతారు, కాబట్టి పడినదాన్ని వెంటనే తియ్యాలి. మేజోళ్ళతో నున్నటి నేల మీద అసలు చేయించకూడదు. ఒట్టి కాళ్ళు, లేదా బూట్లు.